తుప్పు పట్టినా వదలని మోజు - ఇటలీ సెడాన్ల కథ

పాతకారు అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే రకాలు. ఒకటి చౌమహల్లా పాలెస్‌లో పెట్టిన నిజాం గారి రోల్స్‌రాయిస్ లాంటిది. చూస్తాం, ఫొటో తీసుకుంటాం, వచ్చేస్తాం. రెండోది అపార్టుమెంటు సెల్లారులో ఓ మూల దుమ్ము కొట్టుకుపోయి, నాలుగు టైర్లూ నేలకంటుకుపోయి, అసోసియేషన్ మీటింగు జరిగినప్పుడల్లా "ఆ బండి సంగతేదో తేల్చండి సార్" అనిపించుకునేది. మొదటిది చరిత్ర, రెండోది తుక్కు. మధ్యలో ఇంకేం లేదు.

మధ్యలో ఇంకోటి ఉందని నాకు టూరిన్‌లో తెలిసింది.

ఆన్‌సైట్ పనిమీద అక్కడున్నప్పుడు మా టీములో ఒక పెద్దాయన ఉండేవారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మెయిన్‌ఫ్రేము మనిషి. ఆఫీసుకి రోజూ ట్రాములో వచ్చేవారు. శని, ఆదివారాలు మాత్రం ఇంటివెనక గ్యారేజీలో 1988 నాటి ఆల్ఫా రోమియో 75 కింద పడుకునుండేవారు. మూడేళ్ళుగా అదే పని. ఓసారి చూద్దువుగాని రమ్మన్నారు. నేనేమో ఎర్రగా, నేలకి అంగుళం ఎత్తులో, ఫెరారీకి తమ్ముడిలా ఉంటుందనుకుని వెళ్ళా. తీరా చూస్తే నాలుగు తలుపులు, పెద్ద డిక్కీ, బూడిదరంగు, అట్టపెట్టెని కత్తిరించి అతికించినట్టుండే ఫ్యామిలీ కారు. "దీనికోసమా మూడేళ్ళు!" అని పైకి అన్లేదు గానీ నా మొహంలో కనబడిపోయుంటుంది. ఆయన నవ్వేసి, "ముందు కూర్చో" అన్నారు.

కూర్చుని, అద్దం దించుదామని తలుపుమీద స్విచ్చికోసం తడుముకుంటే లేదు. గేరుకర్ర దగ్గరా లేదు. ఆయన వేలెత్తి పైకి చూపించారు. పవర్ విండో స్విచ్చులు నెత్తిమీద, కారు కప్పుకి ఉన్నాయి! హ్యాండ్‌బ్రేకేమో మామూలు కడ్డీలా కాకుండా, యూ ఆకారంలో వంచిన పిడిలా ఉంది. "ఇలా ఎందుకు పెట్టారండీ?" అనడిగా. "తెలీదు. ఎవరో ఒకరు గట్టిగా పట్టుబట్టుంటారు. లేకపోతే ఇంత విచిత్రం ఫ్యాక్టరీ దాటి బయటికొచ్చేది కాదు" అన్నారు.

తర్వాత ఇంజను స్టార్టు చేశారు. మూడు లీటర్ల వీ6. ఆ చప్పుడుని అక్షరాల్లో పెట్టడం నావల్ల కాదు. ఆ రాత్రి గదికెళ్ళి చదవడం మొదలుపెట్టినవాణ్ణి, ఇప్పటికీ ఆపలేదు. మా ఆవిడ దృష్టిలో ఇదో జబ్బు. ఈ టపా ఆ జబ్బు ఫలితమే.

సరే, అసలు విషయానికొద్దాం. యూరప్‌లో ఇలాంటి బండ్లని యంగ్‌టైమర్లంటారు. అటు మ్యూజియం వయసు రాలేదు, ఇటు రోజువారీ వాడకం వయసు దాటిపోయింది. సుమారుగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్యవి. ఇటలీలో 1966లో పుట్టిన ఏ.ఎస్.ఐ. అనే పాతబండ్ల సంఘం ఉంది. 20 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి ఇది చారిత్రక విలువ ఉన్న బండి అని సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఉంటే 20-29 ఏళ్ళ బండికి 2019 నుంచి రోడ్డుపన్ను సగమే. 30 దాటితే మొత్తం మాఫీ. అంటే కారుకి ముసలితనం రాగానే తుక్కుకి తోసెయ్యకుండా, "కాస్త ఆగండి, ఇందులో ఏదైనా దాచుకోవాల్సింది ఉందేమో చూద్దాం" అనే వ్యవధి ఒకటి అక్కడి చట్టంలోనే ఉంది.

రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లంటే మోజు ఎవరికైనా ఉంటుంది. పిల్లల్ని స్కూల్లో దింపడానికి తయారుచేసిన సెడాన్ల మీద మోజేవిటి? దీనికి జవాబు కావాలంటే ఆల్ఫా రోమియో కథ కొంచెం తెలియాలి.

ఆల్ఫా 1910లో మిలాన్‌లో పుట్టింది. 1933లో ఇటలీ ప్రభుత్వ సంస్థ ఐ.ఆర్.ఐ. చేతుల్లోకి వెళ్ళింది. అప్పట్నుంచి 1986 దాకా, అంటే 53 ఏళ్ళపాటు అది ప్రభుత్వరంగ కంపెనీయే! రేసు కార్లు చేసే పబ్లిక్ సెక్టార్ కంపెనీని ఊహించుకోండి. లాభం రావాలన్న ఒత్తిడి తక్కువ, ఇంజనీర్ల పంతం ఎక్కువ. మామూలు గుమాస్తా కొనుక్కునే కారుక్కూడా రెండు ఓవర్‌హెడ్ కామ్‌షాఫ్టులు, అల్యూమినియం ఇంజను పెట్టేవాళ్ళు. 1962లో వచ్చిన జూలియా సెడాన్ ఇలాంటిదే. చూట్టానికి పెట్టెలా ఉండేది, తోల్తే దొంగలకి దొరికేది కాదు. అందుకే పోలీసులూ అదే కొన్నారు. :)

1972లో ఆల్ఫెట్టా అనే సెడాన్ వచ్చింది. మామూలుగా ముందు ఇంజనుండే కారులో క్లచ్చీ, గేర్‌బాక్సూ ఇంజనుకే అతుక్కుని ఉంటాయి. ఆల్ఫెట్టాలో ఇంజను మాత్రమే ముందుంచి, క్లచ్చీ, గేర్‌బాక్సూ, డిఫరెన్షియలూ అన్నీ తీసుకెళ్ళి వెనక చక్రాల మధ్య పెట్టారు. దీన్నే ట్రాన్సాక్సిల్ అంటారు. దీనివల్ల బరువు ముందుకీ వెనక్కీ దాదాపు సమానంగా పంచబడుతుంది. వెనక బ్రేకు డిస్కుల్ని కూడా చక్రాల దగ్గర కాకుండా గేర్‌బాక్సు పక్కన పెట్టారు. చక్రం మీద బరువు తగ్గితే గతుకుల్లో అది రోడ్డుని వదలదు.

కాయితం మీద బ్రహ్మాండం. కానీ ప్రతి డిజైను నిర్ణయానికీ ఓ బిల్లుంటుందని మనకి తెలియనిదా? క్లచ్చి వెనకుంది కాబట్టి మధ్యలో ఉండే పొడుగాటి షాఫ్టు ఇంజను తిరుగుతున్నంతసేపూ అదే వేగంతో తిరగాల్సిందే, బండి నిలబడున్నా సరే. దాని కుదుపులు తట్టుకోడానికి రబ్బరు కప్లింగులు పెట్టారు. రబ్బరు కదా, కొన్నేళ్ళకి పగిలిపోతుంది, బండంతా వణుకుతుంది. గేరుకర్ర ఇక్కడ, గేర్లేమో వెనకసీటు కింద. కాబట్టి గేరు మార్పు కాస్త బద్ధకం, చలికాలం పొద్దున్న రెండో గేరు మరీను. వెనక బ్రేకు ప్యాడ్లు మార్చాలంటే మెకానిక్కు బండి మధ్యలోకి దూరాలి. ఈ ఇబ్బందులన్నీ తెలిసి కూడా ఇరవయ్యేళ్ళు ఇదే పద్ధతి పట్టుకుని వేళ్ళాడారు.

ఆ వరసలో చివరిది మా పెద్దాయన దగ్గరున్న 75. కంపెనీకి 75 ఏళ్ళు నిండిన 1985లో వచ్చింది, అందుకే ఆ పేరు. అప్పటికి చేతిలో డబ్బుల్లేవు. అంతకుముందున్న జూలియెట్టా సెడాన్ నడుముభాగాన్నీ, తలుపుల్నీ అలాగే ఉంచేసి ముందూవెనకా కొత్తగా గీశారు. ఎర్మానో క్రెస్సోనీ నాయకత్వంలో గీసిన ఆ పక్కగీత వెనక్కి వెళ్ళేకొద్దీ పైకి విరిగి లేవడానికి సగం కారణం కళ, సగం కారణం పేదరికం అనిపిస్తుంది నాకు. 1992లో ఆపేసేలోగా 3,80,000 పైచిలుకు అమ్మారు. మళ్ళీ వెనక చక్రాలతో నడిచే ఆల్ఫా సెడాన్ కోసం 2015లో కొత్త జూలియాని చూపించేదాకా ఆగాల్సొచ్చింది.

ఆ వీ6 ఇంజను గురించి కూడా చెప్పాలి. దాన్ని జుసెప్పే బుస్సో అనే ఇంజనీరు చేశాడు. 1939లో ఆల్ఫాలో చేరి, యుద్ధం తర్వాత కొన్నాళ్ళు ఫెరారీలో పనిచేసి, మళ్ళీ ఆల్ఫాకి వచ్చేశాడు. ఆయన వీ6 1979లో ఆల్ఫా 6 అనే సెడాన్‌లో మొదట 2.5 లీటర్లతో బయటికొచ్చింది. తర్వాత అదే మూడు లీటర్లయింది, 24 వాల్వులయింది, చివరికి 3.2 దాకా పెరిగింది. మూలం మాత్రం అదే. 2005 చివరిదాకా, అంటే 26 ఏళ్ళు నడిచింది! మిలాన్ పక్కన అరేజే ఫ్యాక్టరీలో ఆఖరి బుస్సో ఇంజను తయారైన కొద్దిరోజులకే, 2006 జనవరి 3న, ఆయన చనిపోయాడు. మనం రాసిన కోడులో ఏదైనా 26 ఏళ్ళు ప్రొడక్షన్లో ఉంటుందా? ఉన్నా ఎవరైనా వచ్చి దాని చప్పుడు వింటామని అడుగుతారా?

ఇక్కడిదాకా చదివితే ఇది ఇంజనీర్ల వీరగాథలా ఉంది కదా. రెండో వైపు చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఈ పంతాలకి డబ్బు కట్టింది ఇటలీ జనం. ఆల్ఫా ఏళ్ళతరబడి నష్టాల్లో నడిచింది. దక్షిణ ఇటలీలో ఉద్యోగాల్లేక జనం మిలాన్‌కీ టూరిన్‌కీ వలసపోతుంటే, ఉద్యోగాల్నే దక్షిణానికి తీసుకెళ్దామని నేపుల్స్ దగ్గర పోమిల్యానోలో కొత్త ఫ్యాక్టరీ కట్టారు. 1968లో ప్రధాని ఆల్డో మోరో శంకుస్థాపన చేశాడు. అక్కడ తయారైన ఆల్ఫాసుద్ (సుద్ అంటే దక్షిణం) తోలడానికి ఆ కాలపు చిన్నకార్లలో ఎంతో గొప్పది. కానీ సమ్మెలు, గైర్హాజర్లు, నాసిరకం పని. అన్నిటికీ మించి తుప్పు. బాడీ లోపలి బోలు భాగాల్లో నింపిన నురగ నీళ్ళు పీల్చుకుని, లోపల్నుంచే ఇనుముని తినేసింది. ఎన్నో ఆల్ఫాసుద్‌లు ఇంజను నిక్షేపంగా ఉండగానే బాడీ రాలిపోయి తుక్కుకెళ్ళాయి.

లాంచియా పరిస్థితి ఇంకా ఘోరం. 1906లో పుట్టి, 1969లో ఫియట్ చేతిలో పడ్డ ఈ కంపెనీ 1972లో బీటా అనే సెడాన్ తెచ్చింది. ఇంజను మోసే సబ్‌ఫ్రేమ్ దగ్గర తుప్పు పట్టి బ్రిటన్‌లో పెద్ద గొడవైంది. 1980లో కంపెనీ కొన్ని బండ్లని జనం దగ్గర్నుంచి వెనక్కి కొనాల్సొచ్చింది. ఆ దేశంలో ఆ పేరు మళ్ళీ లేవలేదు. 1994లో లాంచియా బ్రిటన్ వదిలేసింది.

ఈ తుప్పుకి కారణం రష్యా ఇనుమని ఓ కథ ప్రచారంలో ఉంది. ఫియట్ 1960ల్లో సోవియట్ యూనియన్‌లో ఫ్యాక్టరీ కట్టించినందుకు బదులుగా చెత్త ఇనుము ఇచ్చారట. నాకీ కథ మీద పెద్దగా నమ్మకం లేదు. తప్పంతా బయటి వెండార్ మీదకి తోసేసే కథలు ఎప్పుడూ హాయిగానే ఉంటాయి. 70ల్లో ఒక్క ఇటలీవే కాదు, చాలా దేశాల కార్లు తుప్పుపట్టాయి. రంగెయ్యకముందు బాడీని ఎలా దాచారు, నీళ్ళుపోయే దారి ఎక్కడ వదిలారు, పనివాడు సమ్మెనుంచి వచ్చి ఏ మనసుతో పనిచేశాడు - కారణాలు ఎక్కువగా ఇంటిలోపలే ఉన్నాయి.

ఇక ఆర్నా అని ఒకటుంది, 1983లో వచ్చింది. ఆల్ఫా, నిస్సాన్ కలిసి చేసినది. మామూలుగా అయితే ఇటలీ అందం, జపాన్ నాణ్యత తీసుకోవాలి కదా? వీళ్ళు సరిగ్గా తిరగేసి నిస్సాన్ రూపానికి ఆల్ఫా యంత్రభాగాలు తగిలించారు. నాలుగేళ్ళకే మూతపడింది. రెండు కంపెనీల ఇంటిగ్రేషను ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళెవరికైనా ఇది ఎలా జరిగుంటుందో చెప్పక్కర్లేదు. :)

చివరికి ఐ.ఆర్.ఐ. అధ్యక్షుడు రొమానో ప్రోదీ (తర్వాత ఇటలీ ప్రధాని అయ్యాడు) ఆల్ఫాని అమ్మకానికి పెట్టాడు. ఫోర్డ్ గట్టిగా ప్రయత్నించింది. 1986 నవంబరులో ఫియట్ ఎగరేసుకుపోయింది.

ఇప్పుడు మన ఐ.టి. వాళ్ళకి బాగా పరిచయమైన అధ్యాయం. పెద్దకార్లు ఎవరికి వాళ్ళు విడివిడిగా డిజైన్ చేసుకుంటే ఖర్చు తట్టుకోలేమని 1978లోనే లాంచియా, స్వీడన్ కంపెనీ సాబ్ ఒక ఒప్పందానికి వచ్చాయి. పునాది ఉమ్మడి, పైన ఎవరి కారు వాళ్ళది. దాని పేరు టైప్ ఫోర్. తర్వాత ఫియట్, ఆల్ఫా కూడా చేరాయి. అలా 1984లో సాబ్ 9000, లాంచియా థీమా, 1985లో ఫియట్ క్రోమా, 1987లో ఆల్ఫా 164 వచ్చాయి. ఒకే ఫ్రేమ్‌వర్కు మీద నాలుగు ప్రాజెక్టులన్నమాట. మొదటి మూడింటి తలుపులు దాదాపు ఒకటే, పక్కనుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. సాబ్ వాళ్ళు మాత్రం ప్రమాదాల్లో తట్టుకోవాలని వాళ్ళ తలుపుల్లో అదనపు బలం పెట్టుకున్నారు. ఆలస్యంగా చేరిన ఆల్ఫా, బయటి రేకంతా వేరేగా గీయించుకుంది. పినిన్‌ఫరీనాలో ఎన్రీకో ఫూమియా గీసిన 164ని ఇవాళ చూసినా పాతదనిపించదు. అప్పటికి బుద్ధొచ్చి దానికి జింకు పూత పెట్టిన ఉక్కు విరివిగా వాడారు. తుప్పు బాధ బాగా తగ్గింది.

ఉమ్మడి పునాది అంటే రుచీపచీ ఉండదని మనం అనుకుంటాం. లాంచియా వాళ్ళు ఏం చేశారో చూడండి. 1986లో థీమా 8.32 అని ఒకటి చూపించారు. ఎనిమిది సిలిండర్లు, 32 వాల్వులు. ఎవరి ఇంజననుకున్నారు? ఫెరారీది! 2,927 సీసీల ఫెరారీ వీ8ని అడ్డంగా తిప్పి, ముందు చక్రాలు నడిచేలా, సెడాన్ ముక్కులో కుక్కేశారు. పెద్దమనుషులు ప్రయాణించే కారు కాబట్టి క్రాంక్‌షాఫ్టు మార్చి గొంతు తగ్గించారు. ఆ ఇంజన్లని కూర్చింది మోటార్‌సైకిళ్ళ డుకాటీ. లోపల పోల్ట్రోనా ఫ్రావ్ తోలు, అసలైన చెక్క. వెనక డిక్కీ మూతలోంచి బటన్ నొక్కితే స్పాయిలర్ లేస్తుంది, వద్దంటే మళ్ళీ దాక్కుంటుంది. మొత్తం నాలుగు వేల లోపే చేశారు. ఇవాళ దాన్ని కొనుక్కున్నవాడికి టైమింగు బెల్టు మార్చడమంటే ఇంజను కిందకి దించడమే.

ఇంకో సంగతి. ఇటలీలో అప్పట్లో రెండు లీటర్లు దాటిన పెట్రోలు కార్ల మీద అమ్మకపు పన్ను 38 శాతం, చిన్న ఇంజన్లకి అందులో సగం. అందుకే ఇటలీ సెడాన్లలో ఇన్ని రెండు లీటర్ల టర్బోలు కనిపిస్తాయి. 164లోనైతే బుస్సో వీ6నే రెండు లీటర్లకి కుదించి, టర్బో తగిలించి అమ్మారు. టాక్సు కోడు ఇంజను డిజైన్ చెయ్యడమంటే ఇదే. ఇలాంటివన్నీ ఒక్కో కారు బానెట్టు కింద రాసున్నాయి, చదవడం తెలిస్తే.

సెడాన్లే ఎందుకు అన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇక్కడే ఉంది. కూపేలు కొద్దిమంది సరదా. సెడాన్‌లో దేశం మొత్తం తిరిగింది. మంత్రులు, జడ్జీలు, పోలీసులు, డాక్టర్లు, పెళ్ళివాళ్ళు. 1978 మార్చి 16న రోమ్‌లో రెడ్ బ్రిగేడ్స్ ఆల్డో మోరోని ఎత్తుకెళ్ళి కాపలావాళ్ళని చంపినప్పుడు, ఆయన ఉన్నది ఫియట్ 130 సెడాన్‌లో, వెనక కాపలాబండి ఆల్ఫెట్టా. పదేళ్ళ కిందట ఆల్ఫాసుద్ ఫ్యాక్టరీకి రాయి వేసిన మనిషే. 1992 మే 23న మాఫియా మీద పోరాడిన జడ్జి జొవాన్ని ఫాల్కొనే సిసిలీలో కపాచీ దగ్గర రోడ్డుకింద పెట్టిన బాంబుకి బలైనప్పుడు, ఆయన స్వయంగా తోలుతున్నది తెల్లటి ఫియట్ క్రోమా. భార్య పక్కసీట్లో ఉంది. ముందు నడిచిన కాపలా క్రోమాలో ముగ్గురు పోలీసులూ అక్కడికక్కడే పోయారు. ఆ క్రోమా శిథిలాన్ని గాజుపెట్టెలో పెట్టి ఊరూరా తీసుకెళ్ళి చూపించారు. పిల్లలు వరసకట్టి చూశారు.

దాన్ని ఎవరూ రీస్టోర్ చెయ్యరు. చెయ్యకూడదు కూడా. కానీ ఆ శిథిలం పక్కన, అదే మోడల్ క్రోమా ఒకటి చక్కగా తుడిచి, నడుస్తున్న స్థితిలో ఎక్కడో ఒకచోట ఉండాలి. అప్పుడే ఆ పిల్లలకి పోయింది ఒక పురాణం కాదు, మామూలు ఫ్యామిలీ కారులో వెళ్తున్న మామూలు మనుషులని అర్థమవుతుంది. ఈ మాట అనుకున్నాకే నాకు ఈ మోజు మీద గౌరవం పెరిగింది.

ఇహ డబ్బు సంగతి. లెక్కలేస్తే ఇది శుద్ధ దండగ వ్యవహారం. ఫెరారీ బాగుచేస్తే పెట్టిన డబ్బు తిరిగి రావచ్చు. సెడాన్‌కి రాదు. రంగు, వెల్డింగు ఖర్చులే బండి ధరని దాటిపోతాయి. తలుపుల కిందుండే సిల్స్, చక్రాల పైన ఆర్చీలు, నేలరేకు - స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తేగానీ లోపలెంత మిగిలిందో తెలీదు. యంత్రభాగాలు ఫరవాలేదు, దొరుకుతాయి. దొరకనివి ప్లాస్టిక్కులు. డాష్‌బోర్డు క్లిప్పు, దీపం గ్లాసు, సీటుగుడ్డ. 164లో ఏసీ గాలిని మళ్ళించే చిన్న మోటార్ల ప్లాస్టిక్ పళ్ళచక్రాలు పగలడం పేరుపడ్డ జబ్బు. చక్రం చిటికెనవేలి గోరంత, అది మార్చడానికి డాష్‌బోర్డు విప్పాలి. 156లో ట్విన్ స్పార్క్ ఇంజనుకి టైమింగు బెల్టు 1,20,000 కిలోమీటర్లకి మార్చమని మొదట చెప్పి, తర్వాత సగానికి తగ్గించారు. పాత మాన్యువల్ నమ్ముకున్నవాడి ఇంజను గోవిందా.

ఐనా చేస్తారు. ఎందుకంటే ఈ బండ్లు ఒక మనిషి బుర్రకి పట్టే చివరితరం బండ్లు. 80ల నాటి ఇంజెక్షన్ కంప్యూటరుంటుంది, కానీ మల్టీమీటరు పట్టుకుని, వైరింగు బొమ్మ ముందేసుకుని కూర్చుంటే ఒక్కడే ఆసాంతం అర్థం చేసుకోవచ్చు. ఇప్పటి కారులో నెట్‌వర్కు మీద మాట్లాడుకునే కంప్యూటర్లు డజన్లకొద్దీ ఉంటాయి, సాఫ్ట్‌వేరు తాళం కంపెనీ దగ్గరుంటుంది. లక్షల లైన్ల కోడులో మనకి అప్పజెప్పిన నాలుగు ఫైళ్ళు తప్ప ఇంకేం తెలియకుండా జీతం తీసుకునే నాలాంటివాడికి, మొత్తం తెలుసుకోగలిగిన వస్తువొకటి ఉందంటే ఆ సుఖం వేరు.

మనకీ వీటికీ సంబంధం లేదనుకోకండి. 156 సెడాన్ 1997లో వచ్చినప్పుడు, వాల్టర్ డి సిల్వా దాచిపెట్టిన వెనక తలుపు పిడుల్ని అందరూ మెచ్చుకున్నారు, 1998 యూరప్ కార్ ఆఫ్ ద ఇయర్ కూడా ఇచ్చారు. కానీ అసలు చరిత్ర దాని డీజిల్ ఇంజనులో ఉంది. ఫియట్ పరిశోధనశాలలో పెరిగి, బాష్ చేతిలో ఫ్యాక్టరీ వస్తువుగా మారిన కామన్ రెయిల్ పద్ధతి మొదట వచ్చిన కార్లలో 156 ముందుంది. ఆ దారిలోనే 2003లో ఫియట్ 1.3 మల్టీజెట్ వచ్చింది. దాన్నే లైసెన్సు మీద తయారుచేసి మారుతి 2007లో స్విఫ్ట్ డీజిల్లో పెట్టింది. డిజైరు, రిట్జు, ఇండికా విస్టా - అన్నిట్లో అదే గుండె. హైదరాబాదులో ఎయిర్‌పోర్టుకి క్యాబెక్కిన ప్రతివాడూ ఇటలీ ఇంజను వెనక కూర్చున్నవాడే.

అంతకుముందు మన పద్మిని ఉండనే ఉంది. 1950ల ఫియట్ 1100 సెడానే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళ చేతిలో 1964 నుంచి డిలైట్ అయి, 70ల్లో పద్మిని అయింది. మన ఊళ్ళలో మాత్రం ఎప్పుడూ "ఫియేటు" అనే అన్నారు. స్టీరింగు పక్కనే గేరు, 1,089 సీసీల ఇంజను. బొంబాయి టాక్సీల్లో ఆఖరి పద్మిని 2023 అక్టోబరులో వయోపరిమితి దాటి రోడ్డు దిగింది.

2021లో మన కేంద్రప్రభుత్వం కూడా వింటేజ్ బండ్లకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మంచిదే. కానీ దానికి 50 ఏళ్ళు నిండాలి. ఇటలీలో 20కే గుర్తింపు మొదలవుతుంది, మన దగ్గర 50కి. మధ్యలో ముప్ఫయ్యేళ్ళపాటు బండి చరిత్ర కాదు, వట్టి పాతసామాను. ఆ ముప్ఫయ్యేళ్ళలోనే అన్నీ తుక్కుకెళ్ళిపోతాయి. రాజమండ్రిలో మా మామయ్య పద్మిని అలాగే వెళ్ళింది. 2009లో కిలోల లెక్కన తూచి తీసుకుపోయారు. అప్పుడు నేను అక్కడే ఉన్నా, "పీడా పోయింది మామయ్యా, ఇల్లు విశాలమైంది" అన్నది నేనే. ఆయన ఏమీ అన్లేదు. స్టీరింగు చక్రం మాత్రం విప్పి అటకమీద పెట్టుకున్నారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

అన్నీ దాచుకోవాలని నేనట్లేదు. పాతబండి పొగ నిజం, పార్కింగు కరువు నిజం, 80ల కారులో ఎయిర్‌బ్యాగులుండవన్నది ఇంకా పెద్ద నిజం. ఆ రోజుల్లో ఇటలీ ఖజానా ఈ పంతాలకి ఎంత పోసిందో కూడా మర్చిపోకూడదు. కానీ మోడల్‌కి పది బండ్లైనా, బాగుచెయ్యడం తెలిసిన పదిమందైనా మిగలకపోతే, అవి ఎలా చేశారో, ఎక్కడ తప్పారో చెప్పేవాడే ఉండడు. అరేజే ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు పెద్ద షాపింగ్ సెంటరుంది, 2016లో తెరిచారు. పక్కన ఆల్ఫా మ్యూజియం ఉంది, నాలుగేళ్ళు మూతపడి 2015లో మళ్ళీ తెరుచుకుంది. గోడలు అలా మారిపోతాయి. పనితనం మాత్రం ఎవడో ఒకడు చేతులు మసిచేసుకుంటేనే నిలబడుతుంది.

మా పెద్దాయన 75 పూర్తయింది. నేను తిరిగొచ్చాక ఫొటో పంపారు. కొండదారుల్లో ఎగిరెగిరి తోలుతున్న ఫొటో ఏదో ఉంటుందనుకున్నా. కాదు. సంతలో ఆపిన బండి, తెరిచిన డిక్కీ, పక్కన వాళ్ళావిడ, డిక్కీనిండా టమాటాలూ, వంకాయలూ.

సెడాన్ కదండీ మరి, దాని పని అది చేస్తోంది.